అలాస్కా ఎలుగుకు ఏ తుపాకి?

అలాస్కాకు మకాం మార్చేవాడు ఇల్లు వెతుక్కున్నాక, బండికి మంచు టైర్లు వేయించుకున్నాక, ఎవర్ని చూసినా ఒకటే అడుగుతాడు: ఏ తుపాకి కొనమంటారు? అక్కడ అది వింత ప్రశ్నేం కాదు. మన దగ్గర కొత్తగా పల్లెలో ఇల్లు కట్టుకున్నవాడు బోరు ఎన్ని అడుగులు వేయించాలని అడిగినంత మామూలు. ఎంతమందిని అడిగితే అన్ని జవాబులు వస్తాయి. అసలు తెలిసినవాడు మాత్రం ముందు ఎదురు ప్రశ్న వేస్తాడు. మాంసం కోసం వేటకా, ఎలుగు మీదపడితే ప్రాణం కాపాడుకోవడానికా? ఈ రెండింటినీ ఒకే గాటన కట్టినవాళ్లే ఎక్కువగా డబ్బు తగలేసుకుంటారు.

తుపాకి సంస్కృతి అంటేనే ముఖం చిట్లించుకునే తెలుగు పాఠకుడికి ఈ గొడవంతా ఎందుకని అనిపించవచ్చు. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటకు వెళ్లిన మనిషి ఎలుగు చేతిలో ముఖం చీరించుకుని ఆసుపత్రికి చేరడం మనకు ఏటా వినే వార్త. తిరుమల నడకదారిలో చిరుత భయంతో భక్తుల చేతికి కర్రలిచ్చిన సంగతీ మరచిపోలేదు. ఎలుగులతో కలిసి బతకడంలో అలాస్కావాళ్లకు మనకంటే పకడ్బందీ అలవాట్లున్నాయి. వాళ్ల తుపాకులు మనకు అక్కర్లేదు. తుపాకి దాకా వెళ్లేముందు వాళ్లు వేసుకునే లెక్క మాత్రం చూడదగ్గది.

అలాస్కా విస్తీర్ణం దాదాపు 17 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే వచ్చేదానికి ఆరు రెట్లు. జనాభా ఏడు లక్షల పైచిలుకు, అంటే విజయవాడ కంటే తక్కువ. అక్కడి వన్యప్రాణి శాఖ అంచనా ప్రకారం గోధుమరంగు ఎలుగులు సుమారు 30 వేలు, నల్ల ఎలుగులు లక్ష దాకా ఉన్నాయి. ఉత్తరపు అంచున ధ్రువపు ఎలుగులు వేరే. లెక్క వేస్తే సుమారు ఆరుగురు మనుషులకు ఒక ఎలుగు. ఆంకరేజ్ నగరం శివార్లలో చెత్తడబ్బా తిరగేసే ఎలుగు అక్కడివాళ్లకు ఊరకుక్కంత పరిచయం.

ముందు వేట సంగతి. అలాస్కాలో చాలామందికి వేట సరదా కంటే వంటింటి వ్యవహారమే. రోడ్డు లేని పల్లెల్లో సరుకులు విమానంలో రావాలి, ధర మండిపోతుంది. అందుకే శరదృతువులో ఒక్క మూస్ దొరికితే ఆ కుటుంబానికి చలికాలం గడిచిపోతుంది. మూస్ అంటే దుప్పి జాతిలోకెల్లా పెద్దది. పెద్ద మగదాని నుంచి తినే మాంసమే 200 కిలోలు దాటి వస్తుంది. దాన్ని కొట్టడం ఒక ఎత్తయితే, ముక్కలు చేసి బురదనేలలో భుజాన మోసుకుంటూ పడవ దాకా తేవడం మరో ఎత్తు. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం అక్కడ నేరం. మూస్‌ను కొట్టినవాడు మాంసమంతా బయటికి చేర్చాకే కొమ్ములు తేవాలి. కొమ్ముల కోసం జంతువును చంపి మాంసం కుళ్లబెట్టేవాళ్ల ఆట కట్టించడానికే ఆ నిబంధన.

కొత్తగా వెళ్లినవాడు దిగిన రోజునే స్థానికుడి లెక్కలోకి రాడు. వరుసగా 12 నెలలు అక్కడ కాపురం ఉంటేనే స్థానికుల లైసెన్సు. అప్పటిదాకా బయటివాడే. బయటివాడు గోధుమరంగు ఎలుగునో, కొండగొర్రెనో, కొండమేకనో వేటాడాలంటే లైసెన్సున్న గైడో, ఆ రాష్ట్రంలోనే ఉండే దగ్గరి బంధువో వెంట ఉండాలి. అమెరికాలో నివాసమే లేని విదేశీయుడైతే ఏ పెద్ద జంతువుకైనా గైడు తప్పనిసరి. కాబట్టి మొదటి ఏడాది తుపాకి కొనడానికి తొందరేమీ లేదు. ఆ ఏడాది నేల నేర్చుకోవడానికి, ఇరుగుపొరుగుతో పరిచయం పెంచుకోవడానికి సరిపోతుంది. ఈ మాట ఎవరూ చెప్పరు. తుపాకి దుకాణం వాడు అసలే చెప్పడు.

వేట రైఫిల్ దగ్గర కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే: భారీ తూటా వైపు మొగ్గడం. జంతువు పెద్దది కాబట్టి తూటా కూడా పెద్దదే ఉండాలన్న తర్కం పైకి సబబుగానే కనిపిస్తుంది. అలాస్కా వన్యప్రాణి శాఖ వేటగాళ్ల కోసం రాసిన సలహాల్లో మాత్రం మాట వేరేగా ఉంది. అక్కడి గైడ్లు తమ దగ్గరికి వచ్చేవాళ్ల మీద చేసే ఫిర్యాదులు ముఖ్యంగా రెండట. ఒంట్లో సత్తువ లేకుండా వస్తారు, సొంత రైఫిల్‌తో గురి చూసి కొట్టలేరు. రెండోదానికి కారణం చాలాసార్లు ఆ భారీ తూటానే. ఆఫ్రికా ఏనుగుల, అడవిదున్నల వేటకు 1912లో పుట్టిన .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్‌ను భుజాన ఆనించి పేల్చితే అది వెనక్కి తన్నే తన్ను అంతా ఇంతా కాదు. నాలుగుసార్లు ఆ దెబ్బ తిన్న భుజానికి ఐదోసారి మీట నొక్కకముందే భయం పట్టుకుంటుంది. కన్ను తెలియకుండా మూసుకుపోతుంది, చేయి జర్కు ఇస్తుంది, తూటా అడుగు పక్కకు పోతుంది. ఇది చేతగానితనం కిందికి రాదు, శరీరం తనను తాను కాపాడుకునే తీరు. ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

అందుకే అక్కడి పాతకాపులు చాలామంది ఇప్పటికీ .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గరే ఆగుతారు. 1906లో అమెరికా సైన్యం కోసం తయారైన తూటా ఇది. వందేళ్లు దాటినా దీని తూటాలు దాదాపు ప్రతి దుకాణంలో దొరుకుతాయి. మారుమూల పల్లెలో తూటాలు అయిపోయినప్పుడు ఈ ఒక్క గుణం విలువ తెలుస్తుంది. నిన్నగాక మొన్న వచ్చిన కొత్తరకం తూటా కాగితం మీద ఎంత గొప్పదైనా, ఆ ఊరి దుకాణంలో లేకపోతే ఆ రైఫిల్ చేతికర్రతో సమానం. జింక, కారిబూ, మూస్, అవసరమైతే నల్ల ఎలుగు, అన్నిటికీ .30-06 చాలు. ఇంకొంచెం బలం కావాలనుకునేవాళ్లు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ దాకా వెళ్తారు. గోధుమరంగు ఎలుగునే ప్రత్యేకంగా వేటాడేవాళ్లు .338 వైపు చూస్తారు. అంతకు మించింది మొదటి రైఫిల్‌గా కొంటే అది గోడకు వేలాడేదే.

తూటా కంటే రైఫిల్ ఒంటి సంగతి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. కోడియాక్ దీవిలో, ఆగ్నేయపు తీరంలో వాన రోజుల తరబడి విడవకుండా కురుస్తుంది. అక్కడ నల్లరంగు ఉక్కు బ్యారెల్, నున్నగా పాలిష్ పట్టిన వాల్‌నట్ మడమ ఉన్న అందమైన రైఫిల్ రెండోరోజుకే తుప్పు పూత పూస్తుంది. చెక్క తేమ పీల్చుకుని ఉబ్బి బ్యారెల్‌ను ఒత్తితే గురి తప్పుతుంది. అందుకే అక్కడ స్టెయిన్‌లెస్ బ్యారెల్, ప్లాస్టిక్ మడమ. అందం లేదు గానీ తడిస్తే తుడిచి పక్కన పెట్టొచ్చు.

లోపలి భాగంలో, ఫెయిర్‌బ్యాంక్స్ వైపు, కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ చలికాలంలో మైనస్ 40 డిగ్రీలు మామూలే. ఆ చలిలో తుపాకికి వేసిన నూనె గడ్డకట్టి జిగురవుతుంది. మీట నొక్కితే పిన్ను బద్ధకంగా కదిలి తూటా అడుగున మెల్లగా తగులుతుంది, పేలదు. అందుకే చలికాలపు వేటకు ముందు బోల్ట్ విప్పి నూనె పూర్తిగా కడిగేసి పొడిగా ఉంచుతారు, లేదా చలికి గడ్డకట్టని పొడి లూబ్రికెంట్ వాడతారు. ఇంకో చిక్కు ఇంటికి వచ్చాక ఉంది. బయట గడ్డకట్టిన రైఫిల్‌ను వెచ్చని గదిలోకి తెస్తే ఇనుమంతా చెమట పట్టినట్టు నీరు కమ్ముతుంది, స్కోపు అద్దం మసకబారుతుంది. ఆ తడి ఆరకుండా మళ్లీ బయటికి తీసుకెళ్తే లోపలే మంచుగడ్డ. అందుకే తెలిసినవాళ్లు వేట నడిచే రోజుల్లో రైఫిల్‌ను ఇంట్లోకి తేరు. తూటాలు తీసేసి వేడి లేని వసారాలోనే తాళం వేసి ఉంచుతారు. తుపాకి ధర చూసి మురిసిపోయే కొత్తవాడికి ఈ వసారా సంగతి చెప్పేవాడు దొరకడం అదృష్టం.

ఇక రెండో ప్రశ్న. మీదికి దూసుకొచ్చే ఎలుగు.

గోధుమరంగు ఎలుగు గంటకు 56 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలదు. అంటే సెకనుకు సుమారు 15 మీటర్లు. సాల్మన్ చేపలు ఎక్కే వాగు గట్టున, గుబురుగా పెరిగిన ఆల్డర్ పొదల్లో, పిల్లలున్న తల్లి ఎలుగు 20 మీటర్ల దూరంలో కనిపించిందనుకోండి. భుజాన వేలాడే రైఫిల్ దించి, తూటా ఎక్కించి, సేఫ్టీ తీసి, స్కోపులో చూస్తే కనిపించేది గోధుమరంగు బొచ్చు మాత్రమే. ఎక్కడ గురి పెట్టాలో తెలియదు. వేట రైఫిల్‌లో గొప్పదనం అనిపించిన ప్రతిదీ ఇక్కడ అడ్డమవుతుంది: పొడుగు బ్యారెల్, దూరం చూపే స్కోపు, నిదానంగా పెట్టే గురి. ఇక్కడ కావలసింది పొట్టి తుపాకి, మామూలు ఇనుప గురి, వెనువెంటనే రెండో తూటా.

1983లో అమెరికా అటవీ శాఖ పరిశోధకులు ఇద్దరు, విలియం మీహన్, జాన్ థిలేనియస్, ఇదే పరీక్ష పెట్టారు. ఎలుగుల అడవుల్లో పనిచేసే తమ సిబ్బందికి ఏ తుపాకి ఇవ్వాలన్నది వాళ్ల ప్రశ్న. దూరం నుంచి కాకుండా అతి దగ్గర్నుంచి కాల్చి తూటా ఎంత లోతుకు వెళ్తుందో, ఎంత చెక్కుచెదరకుండా ఉంటుందో చూశారు. జాబితాలో పైన .458, .375, .338 లాంటి భారీ రైఫిళ్లు నిలిచాయి. బరువైన 220 గ్రెయిన్ల తూటా వేస్తే .30-06 కూడా నెగ్గుకొచ్చింది. చేతి తుపాకులు బాగా కిందికి జారిపోయాయి. 40 ఏళ్లు దాటినా ఆ చిన్న నివేదిక పేరు ఎత్తకుండా అలాస్కాలో తుపాకి చర్చ ముగియదు.

చేపలు పట్టేవాడికి రెండు చేతులూ గాలం మీదే ఉంటాయి, రైఫిల్ గట్టున రాయికి ఆనించి ఉంటుంది. అలా ఆనించిన రైఫిల్ ఉన్నా లేనట్టే. అందుకే చాలామంది ఛాతీకి కట్టుకునే ఒరలో రివాల్వర్ పెట్టుకుంటారు. ఒకప్పుడు అది 1955లో వచ్చిన .44 మాగ్నమ్. ఈమధ్య ఎక్కువ తూటాలు పట్టే 10 ఎంఎం పిస్తోళ్లు ఆ చోటు తీసుకుంటున్నాయి. 2003లో వచ్చిన .500 స్మిత్ అండ్ వెసన్ కూడా కొనేవాళ్లున్నారు. దాన్ని ఒకసారి పేల్చినవాడి మణికట్టును అడిగితే రెండోసారి ఎందుకు పేల్చడో చెబుతుంది. ట్రక్కులోనో గుడిసెలోనో ఉంచుకోవడానికి 12 బోరు పంప్ షాట్‌గన్, అందులో పిల్లగుండ్లు కాకుండా ఒకే సీసపు దిమ్మ ఉండే స్లగ్ తూటాలు, చౌకలో చౌక. ఎవరైనా డబ్బు తక్కువ, పని ఎక్కువ అంటే నేను చెప్పేది ఇదే.

చిన్న తుపాకితో పెద్ద ఎలుగును కొట్టిన కథలు ఈ చర్చల్లో తప్పకుండా దొర్లుతాయి. 1953లో కెనడాలోని ఆల్బెర్టాలో, స్లేవ్ లేక్ దగ్గర, బెల్లా ట్విన్ అనే క్రీ తెగ మహిళ ఒక్కో తూటానే పట్టే .22 రైఫిల్‌తో గ్రిజ్లీ అనే గోధుమరంగు ఎలుగును కొట్టింది. ఆ ఎలుగు ఆనాటికి ప్రపంచ రికార్డు. 2016లో అలాస్కాలో ఒక గైడు, చేపల వేటకు వచ్చినవాళ్లను కాపాడుతూ, మామూలు 9 ఎంఎం పిస్తోలుతో దూసుకొచ్చిన గోధుమరంగు ఎలుగును నిలువరించాడు. రెండూ నిజాలే. అయితే ఆమె ఉడుతలూ కుందేళ్లూ వేటాడుతూ ఆ రైఫిల్‌తోనే వయసు గడిపిన మనిషి. అతను దశాబ్దాల తరబడి ఎలుగుల మధ్య బతికినవాడు. వాళ్ల చేతిలోని తుపాకిని కొనొచ్చు, వాళ్ల చేయి కొనలేం.

ఇప్పుడు తుపాకి దుకాణానికి నచ్చని లెక్కలు. ఎలుగుల మీద జీవితమంతా పనిచేసిన టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా ఎలుగుల మీద కొట్టే మిరపఘాటు స్ప్రే వాడిన 83 ఘటనలు తీసుకుంటే, గోధుమరంగు ఎలుగుల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం సందర్భాల్లో స్ప్రే పనిచేసింది. ఆ స్ప్రే వెంట ఉన్నవాళ్లలో 98 శాతం దగ్గరి నుంచి ఎదుర్కొన్నా గాయపడలేదు. 2012లో అదే బృందం తుపాకుల లెక్క తీసింది. 1883 నుంచి 2009 దాకా 269 ఘటనలు. చేతి తుపాకులు 84 శాతం, పొడుగు తుపాకులు 76 శాతం సందర్భాల్లో ఎలుగును ఆపాయి. కానీ తుపాకి ఉన్నవాళ్లలో దాన్ని వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ జరిగిన హానిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తుపాకి విఫలమైన చోట్ల కారణాలు చూస్తే బలం చాలక అన్నది ముందు వరసలో లేదు. సమయం చాలలేదు, తుపాకి ఇరుక్కుపోయింది, సేఫ్టీ తీయడం మరచిపోయారు, గురి తప్పింది, తూటాలు అయిపోయాయి.

ఈ రెండు లెక్కల్ని పక్కపక్కన పెట్టి స్ప్రే గెలిచింది, తుపాకి ఓడింది అని తేల్చేయడం తొందరపాటు. స్ప్రే వాడిన ఘటనల్లో ఆసక్తికొద్దీ దగ్గరికొచ్చిన ఎలుగులూ ఉన్నాయి. తుపాకి తీసినవి ఎక్కువగా ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలు. పోలిక సరిగ్గా సమం కాదు. అయినా నా మొగ్గు స్ప్రే వైపే. మూడువందల గ్రాముల డబ్బా, ఏడెనిమిది మీటర్ల దూరం దాకా మిరపఘాటు పొగలా పరచుకుంటుంది. చూసి కొట్టే గురి అక్కర్లేదు. ఎదురుగాలిలో మనకే కొడుతుందన్న మాట నిజమే గానీ, కళ్లు మండడం ఎలుగు పట్టడం కంటే నయం. ఒక్క జాగ్రత్త: దోమల మందులా గుడారం చుట్టూ ముందే చల్లుకోకూడదు. ఆరిపోయిన మిరపవాసన ఎలుగుల్ని రప్పిస్తుందని స్మిత్ పరిశీలనలోనే తేలింది. ఈ డబ్బా విమానంలో చేతిసంచిలోనూ, కింద వేసే పెట్టెలోనూ నిషేధం. దిగాక కొనుక్కోవాల్సిందే.

స్ప్రే కంటే ముందు ఇంకో వరస ఉంది. చెత్త ఎలుగు తెరవలేని డబ్బాలో ఉండాలి. పక్షులకు గింజలు వేసే గూడు ఎలుగులు తిరిగే నెలల్లో, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, తీసేయాలి. కోళ్ల గూటికి కరెంటు కంచె వేయాలి. చేప శుభ్రం చేసిన పేగులు ఇంటి వెనక పారేయకూడదు. అడవిలో నడిచేటప్పుడు మాట్లాడుతూ, చప్పుడు చేస్తూ, వీలైతే నలుగురితో నడవాలి. డెనాలి జాతీయ పార్కులో లోపలికి వెళ్లి గుడారం వేసేవాళ్లు ఎలుగు పగలగొట్టలేని డబ్బాల్లోనే తిండి దాచాలి. ఒకసారి మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి ఎవరో ఒకరి తూటాకు చస్తుంది. చెత్త సరిగా మూయని మొదటి ఇల్లు ఎవరిదో ఎవరూ అడగరు.

అలాస్కా చట్టం ఆ ఇంటివాడిని అడుగుతుంది. ప్రాణాన్నో ఆస్తినో కాపాడుకోవడానికి ఎలుగును చంపవచ్చు. కానీ చెత్త విచ్చలవిడిగా వదిలి ఎలుగును నువ్వే రప్పించుకుని ఉంటే, లేదా దాన్ని నువ్వే రెచ్చగొట్టి ఉంటే, ఆ మినహాయింపు నీకు లేదు. చంపినవాడు వెంటనే అధికారులకు చెప్పాలి, 15 రోజుల్లో రాతపూర్వకంగా వివరం ఇవ్వాలి. గోళ్లతో సహా చర్మం ఒలిచి, తలపుర్రెతో పాటు ప్రభుత్వానికి అప్పజెప్పాలి. ఆ ఒలిచే పని రక్తం, కొవ్వు, వాసన మధ్య గంటల తరబడి చేయాలి. చివరికి గోడకు తగిలించుకోవడానికి ఒక గోరు కూడా మిగలదు. తుపాకి పెట్టుకునే హక్కు ఇంత విచ్చలవిడిగా ఉన్న రాష్ట్రంలో, ఎలుగును చంపడం మాత్రం ఎవరికీ లాభసాటి కాకుండా చేశారు. ఈ ఒక్క ఏర్పాటు చాలు, అలాస్కాను ఊరికే తుపాకుల దేశమని కొట్టిపారేయలేం.

స్వాల్‌బార్డ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. నార్వే ఏలుబడిలో ఉన్న ఆ ధ్రువపు దీవుల్లో మన దేశానికీ ఒక ఇల్లుంది. 2008 నుంచి న్యూ ఆలెసున్‌లో నడుస్తున్న హిమాద్రి పరిశోధన కేంద్రం అది. ఊరు దాటి వెళ్లేవాళ్లు ధ్రువపు ఎలుగును బెదరగొట్టి తరిమే సాధనాలు వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. మెరుపు వెలుగు పేల్చే సిగ్నల్ పిస్తోలు ముందు, రైఫిల్ ఆ తర్వాతే. అక్కడి మంచులో పనిచేసే శాస్త్రవేత్తలు, మనవాళ్లతో సహా, ముందు రైఫిల్ శిక్షణ తీసుకోవాలి. ఊళ్లో మాత్రం తూటా నింపిన తుపాకి పనికిరాదు, దుకాణాల తలుపుల మీద తుపాకులు తేవద్దని బోర్డులుంటాయి. ధ్రువపు ఎలుగు 1973 నుంచి అక్కడ రక్షిత జంతువు. ఒకదాన్ని చంపితే ఆ చావు మీద విచారణ జరుగుతుంది. 2025 నుంచి ఎలుగుకు 300 మీటర్ల దూరంలో, వసంతంలో అయితే 500 మీటర్ల దూరంలో ఆగిపోవాలన్న కొత్త నిబంధన వచ్చింది.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పడం అవసరం. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు దొరుకుతుంది. రేంజ్‌లో తుపాకి అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. స్నేహితుడి పుట్టినరోజని రేంజ్‌కు వెళ్లి ఫొటోలు పెట్టేవాళ్లకు ఈ సంగతి తెలియదు. తప్పు జరిగితే కేసుతో పోదు, దేశంలో ఉండే హక్కుకే ఎసరు వస్తుంది. రోడ్డు మీదుగా అలాస్కాకు తరలివెళ్లేవాళ్లు మధ్యలో కెనడా దాటాలి. వేట రైఫిల్‌కు సరిహద్దులో పత్రం నింపి రుసుం కడితే సరిపోతుంది. చేతి తుపాకిని మాత్రం వెంట పెట్టుకోవద్దు. 2022 నుంచి కెనడా వాటి రాకను కట్టడి చేసింది. మనుషుల మీద కొట్టే పెప్పర్ స్ప్రే అక్కడ నిషిద్ధ ఆయుధం. ఎలుగు స్ప్రే అని స్పష్టంగా రాసి ఉన్న డబ్బాకే అనుమతి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఉద్దానంలో తిరిగేది ముదురు నల్లబొచ్చు ఎలుగు. బరువులో అలాస్కా గోధుమరంగు ఎలుగు ముందు చిన్నదే. కోపంలో మాత్రం తీసిపోదు. ప్రపంచంలోని ఎలుగు జాతుల్లో మనుషుల మీద ఎక్కువసార్లు పడేది ఇదేనని నిపుణులు చెబుతారు. పులి ఎదురైనా పారిపోకుండా నిలబడి తిరగబడడం దాని పుట్టుకతో వచ్చిన అలవాటు. మనిషి హఠాత్తుగా ఎదురైనా అదే చేస్తుంది. ముఖం మీదికే వస్తుంది. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు జీడితోటల్లో పండు రాలే కాలానికి, పనసలు ముగ్గే కాలానికి అది కొండ దిగుతుంది. సరిగ్గా అప్పుడే జీడిపిక్కలు ఏరడానికి మనుషులు తెల్లవారుజామున తోటలో ఉంటారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగు ఒకరిని బలితీసుకుని మరికొందరిని గాయపరిచింది. మత్తిచ్చి పట్టుకున్నారు. ఆ తర్వాత అదీ చచ్చిపోయింది.

మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో 11వ సెక్షన్ చూస్తే అలాస్కా చట్టం గుర్తొస్తుంది. ఆత్మరక్షణకు సదుద్దేశంతో జంతువును చంపినా గాయపరిచినా నేరం కాదు. అయితే ఆ సమయానికి తానే చట్టం తప్పే పనిలో ఉంటే మినహాయింపు వర్తించదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. అంటే చట్టం రాతలో మనమూ వాళ్లూ దాదాపు ఒకటే. తేడా ఆ ముందు వరసలో ఉంది. అక్కడ కొత్తగా వచ్చినవాడికి చెత్త దగ్గర్నుంచి స్ప్రే దాకా ఎవరో ఒకరు చెబుతారు. ఇక్కడ ఎలుగు పట్టాక పరిహారం ఫారం ఇస్తారు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని బలిగొన్నాక తిరుమలలో కర్రల పంపకం జరిగింది. అప్పుడు అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కర్రతో పాటు భక్తులను గుంపులుగా పంపారు. మధ్యాహ్నం రెండు దాటాక చిన్నపిల్లలతో ఆ దారి ఎక్కనివ్వలేదు. జంతువులకు తిండి వేయొద్దన్నారు, దారి పక్క తిండి దుకాణాల చెత్త మీద ఆంక్షలు పెట్టారు. కర్ర సంగతి పక్కన పెడితే, మిగతాదంతా డెనాలి పార్కు పాఠమే. వేడి చల్లారాక వాటిలో ఎన్ని నిలిచాయన్నదే అసలు ప్రశ్న.

ఉద్దానానికి తుపాకులు అక్కర్లేదు. అడవి పక్క ఊళ్లలో నాటు తుపాకి చేతులు మారితే ముందు చచ్చేది పక్క తోటలోని మనిషే. కావలసింది జీడి కోతకు ముందు, ఫిబ్రవరిలోనే, అటవీ శాఖ ప్రతి పంచాయతీలో ఒక పూట కూర్చుని చెప్పే నాలుగు మాటలు: ఒంటరిగా వెళ్లొద్దు, వెలుగు వచ్చాకే తోటలోకి దిగండి, చప్పుడు చేస్తూ నడవండి, కోసిన పనసతొనలూ కుళ్లిన జీడిపండ్లూ ఇంటి పక్క కుప్ప పోయొద్దు. ఏ తోట పక్క ఈ ఏడు ఎలుగు పిల్లలతో కనిపించిందో ఆ ఊరి వాట్సాప్ గ్రూపులో ఆ రోజే చెప్పాలి. దీనికి జీవోలు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. వచ్చే కోత లోపలే మొదలుపెట్టమని శ్రీకాకుళం అటవీ అధికారులకు నా మనవి.